ఏనుగు ఏడు, వరద ఏడు: సుభానీ మాస్టారి ముప్పై మూడేళ్లు

ముందుగా చదువరులకు ఒక మనవి. నేను అక్షరాలు నేర్చుకున్నది ముప్పై తొమ్మిదో ఏట. ఒత్తులు, దీర్ఘాలు ఇప్పటికీ నా చేతిలో సరిగా నిలవవు. మాస్టారి వీడ్కోలు సంచిక కోసం ఈ నాలుగు పేజీలు రాయడానికి పదకొండు రోజులు పట్టింది. గడువు దాటినా ప్రిన్సిపాల్ దుర్గాప్రసాదరాజు గారు నా కోసం ప్రెస్సు వారిని రెండు రోజులు ఆపారు. మాస్టారి దగ్గర చదువుకుని ఇప్పుడు మన లైబ్రరీలో పనిచేస్తున్న హేమశ్రీ గారు తప్పులు దిద్దుతానన్నారు. మరీ చదవలేనివి మాత్రం దిద్దమన్నాను. ఇంకా మిగిలిన తప్పులను, నా ఆలస్యాన్ని పెద్దలు మన్నించాలి.

చరిత్ర శాఖాధిపతి శ్రీ షేక్ సుభానీ గారు రామచంద్రపురంలోని మన కళాశాలలో అధ్యాపకులుగా చేరిన తేదీ 1971 జూలై 12, సోమవారం, పూర్వాహ్నం. ఇది ఆఫీసు రిజిస్టరులో ఉన్న మాట. అప్పుడు ఇక్కడ అటెండరుగా ఉన్న మా వారు బంగార్రాజు గారు చెప్పేది వేరు. మాస్టారు ఒక సంత రోజున, జోరువానలో, సైకిలు వెనక రేకు ట్రంకుపెట్టె కట్టుకుని వచ్చారనీ, తాను తడిసి ముద్దయినా పెట్టె మీద గొడుగు పట్టుకునే ఉన్నారనీ, తెరిచి చూస్తే అందులో బట్టలు రెండు జతలే ఉన్నాయనీ, మిగతావన్నీ పుస్తకాలేననీ చెప్పేవారు. మన ఊళ్లో సోమవారం సంత ఉండదు. ఈ రెండింటిలో ఏది నిజమండీ అని ఒకసారి మాస్టారినే అడిగాను. "తేదీ కావాలంటే రిజిస్టరును అడగండి. గొడుగు సంగతి కావాలంటే బంగార్రాజును అడగాలి" అన్నారు. ఆయన బోధించిన చరిత్ర అంతా ఆ మాటలోనే ఉందని నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

మాస్టారి తండ్రి జిలానీ సాహెబ్ గారు మన ఊరి చిన్న మసీదులో నమాజు చేయించే ఇమాం. ఖురాను మొదటి నుంచి చివరి దాకా కంఠస్థం చేసిన హాఫిజ్. ఆ ఇంట ఐదో ఏట నుంచే కుమారునికి గ్రంథ పఠనం అలవడింది. తరువాత వాల్తేరు విశ్వవిద్యాలయంలో చరిత్ర ఎం.ఏ. పూర్తిచేసి, పెద్ద నగరాలలో అవకాశాలున్నా తండ్రి వెనక నమాజుకు నిలబడాలన్న ఒక్క కోరికతో సొంత ఊరికే తిరిగి వచ్చారు. ఈ కోరిక సంగతి చదువరులు గుర్తుంచుకోవాలి.

డెబ్బైల దశకంలో మాస్టారు చరిత్ర సంఘాన్ని స్థాపించి, ప్రతి ఏటా విద్యార్థులను ద్రాక్షారామం తీసుకువెళ్లి గుడి గోడల మీది శాసనాలు చదివించేవారు. తడి కాగితం రాతికి అద్ది, మెత్తగా కొట్టి, సిరా పూసి అచ్చు తీసే పనిని పిల్లలకు స్వయంగా నేర్పారు. అక్కడి అర్చకులు ఆయనను చూస్తే, "రండి మాస్టారూ, మా గోడలు మాకంటే మీకే బాగా తెలుసు" అనేవారట. స్థలపురాణం ఒకటి చెబుతుంది, శాసనం ఒకటి చెబుతుంది, రెండూ చెవినపెట్టి వినండి, ఒకదాని నోరు ఇంకొకదానితో మూయించకండి అని ఆయన పిల్లలకు చెప్పేవారు.

1986 వరద వచ్చిన మరుసటి సంవత్సరం మా వారు కామెర్లతో పోయారు. ఆ నవంబరులో ఆయన ఉద్యోగం నాకు ఇచ్చారు. చేరిన రోజున గుమస్తా అప్పాజీ గారు పుట్టిన తేదీ అడిగారు.

"పెద్ద వరద ఏడు పుట్టానండి" అన్నాను.

అప్పాజీ గారు కలం ఆపేశారు. "పెద్ద వరదొచ్చి ఏడాదయిందండీ. మీకింకా పాలపళ్లు కూడా ఊడుండవు. ఉద్యోగం ఎలా ఇస్తామండీ?"

ఆఫీసంతా నవ్వింది. "ఇది కాదండీ బాబూ, మా అమ్మ నాటి పెద్ద వరద" అన్నాను. ఆయనకు పని తొందర. నా ముఖం చూసి 1-7-1947 అని వేసేశారు. అప్పటికి నా ముఖంలో దుఃఖం ఉంది, వయసు ఎక్కువే కనిపించి ఉంటుంది. జీతం బిల్లు మీద సంతకం కోసం వచ్చిన సుభానీ మాస్టారు ఒక్కరే నవ్వలేదు. "నవ్వకండి అప్పాజీ గారూ. అరబ్బులు కూడా ఇలాగే లెక్కపెట్టేవారు. మా ప్రవక్త గారు ఏ సంవత్సరం పుట్టారంటే ఏనుగు ఏడు అని చెబుతారు" అన్నారు. ఆ ఏనుగు ఏమిటో నాకు అప్పుడు తెలియదు. నా పక్షాన ఒకరు మాట్లాడారని మాత్రం తెలిసింది.

నన్ను చరిత్ర శాఖకే వేశారు. అక్కడ మాస్టారి బీరువా ఒకటి ఉండేది. పై అరలో ఆకుపచ్చ గుడ్డలో చుట్టిన ఖురాను. అది తండ్రిగారు ఇచ్చింది. దాని మీద చీటీ ముక్క కూడా పెట్టనిచ్చేవారు కాదు. ఆ పక్కనే దాని వ్యాఖ్యానాలు. కింది అరల్లో నాణేల బొమ్మలు, ఎడారిలో దొరికిన శాసనాల ఫొటోలు, ఆ కాలపు గ్రీకు, సిరియా, ఆర్మేనియా దేశాల వారు రాసుకున్న చరిత్రల నకళ్లు. 1992లో మా పేటలో సాయంత్రం తరగతులు పెట్టినప్పుడు నేను వెళ్లి అక్షరాలు నేర్చుకున్నాను. బడి బయట నేను మొదట కూడబలుక్కుని చదివింది ఆ బీరువాకు మాస్టారు అంటించిన రెండు చీటీలను. పైన "లోపలి మాట". కింద "బయటి సాక్ష్యం".

1997 జనవరిలో చరిత్ర సంఘం సమావేశానికి మాస్టారు ఒక వ్యాసం సిద్ధం చేశారు. దాని సంగతి నాకు అర్థమైనంత వరకు చెబుతాను. ఏనుగులతో దండెత్తి వచ్చిన వారి పన్నాగాన్ని దేవుడు పక్షుల చేత రాళ్లు వేయించి పాడుచేశాడని ఖురానులో ఒక చిన్న సూరా, అంటే అధ్యాయం, ఉంది. వచ్చినవాడు యెమెనును ఏలిన అబ్రహా అనే రాజనీ, వచ్చింది మక్కా మీదికనీ, ప్రవక్త గారు ఆ ఏడే పుట్టారనీ తరువాతి వారు చెప్పుకున్నారు. మన లెక్కలో అది 570 ప్రాంతం. అయితే ఆ అబ్రహా స్వయంగా చెక్కించిన శాసనం ఒకటి 1951లో అరేబియా ఎడారిలో బయటపడింది. అందులో అతని దండయాత్ర ఉంది. తేదీ మాత్రం ఇంచుమించు పద్దెనిమిదేళ్లు ముందుది. ఏనుగు లేదు, మక్కా పేరూ లేదు.

ఆ వ్యాసం గురించిన కాగితం నోటీసు బోర్డుకు అంటించింది నేనే. చదవడం వచ్చిన గర్వం కొత్తది. టీ కొట్టు దగ్గర నలుగురు ఏంటని అడిగితే, "రాయి మీద ఏనుగు లేదంటండి, మాస్టారు చదువుతారంట" అని చెప్పాను. కాగితంలో ఆ మాట ఉన్నది నిజమే. దాని కింద ఇంకో ఆరు వరుసలున్నాయి. అవి నేను చదవలేదు. సాయంత్రానికి ఆ మాట మసీదుకు చేరింది. సూరా తప్పని ఇమాం గారి కొడుకే సభలో చదువుతాడట అని మారి చేరింది.

మరునాడు జిలానీ సాహెబ్ గారు రిక్షాలో మా శాఖ గదికి వచ్చారు. అప్పటికి ఆయనకు ఎనభై దాటాయి. నేను స్టూలు వేశాను. ఆయన కూర్చోలేదు. మాస్టారు తండ్రిని 'అబ్బా' అని పిలిచేవారు.

"ఏరా సుభానీ, రాళ్లేసి దేవుడి మాట తూస్తున్నావంట?"

"తూయట్లేదబ్బా. పక్కపక్కన పెట్టి చూస్తున్నాను."

"పక్కన పెట్టడానికి అది నీకు తోటి పుస్తకమా?"

"పై అరలోనే ఉందబ్బా. దాని పైన ఏమీ లేదు, చూడండి."

పెద్దాయన బీరువా వైపు చూశారు. తాను ఇచ్చిన ఆకుపచ్చ గుడ్డను చూశారు. కాసేపు మెత్తబడ్డారేమో అనుకున్నాను. "చిన్నప్పట్నుంచీ నా వెనక నిలబడ్డావు. ఆ కాయితం చదివావంటే మళ్లీ నిలబడకు. ఏ సంగతో తేల్చుకునే దాకా కూడా రావద్దు" అని చెప్పి వెళ్లిపోయారు.

సొంత ఊరికి ఏ కోరికతో తిరిగి వచ్చారో, ఆ కోరికే పోయింది. మూడు శుక్రవారాలు మాస్టారు శాఖ గదిలోనే తలుపు దగ్గరగా వేసుకుని ఒంటరిగా నమాజు చేసుకున్నారు. మసీదు నా దారిలోనే ఉంటుంది. టైరు ముక్కతో అట్ట వేయించిన ఆయన చెప్పులు మెట్ల దగ్గర కనిపించేవి కావు. సమావేశం వాయిదా పడింది. వ్యాసాన్ని ఆయన చించనూ లేదు, చదవనూ లేదు. ఈ గొడవకు నిప్పు పెట్టింది నేనని ఆయనతో చెప్పాను. "మీరు చదివింది ఉన్న మాటేనండి. మొత్తం చదివితే బాగుండేది" అన్నారు.

ఆ రోజుల్లోనే సర్వీసు రిజిస్టర్లలో పుట్టిన తేదీలు సరిచూడాలని ఉత్తర్వు వచ్చింది. తన బాధలో ఉండి కూడా మాస్టారు నా సంగతి మరువలేదు. మీరు పుట్టిన వరద ఏదో చూద్దాం రండి అని నన్ను బస్సులో ధవళేశ్వరం తీసుకువెళ్లారు. ఆనకట్ట దగ్గర పాత వరదల రిజిస్టర్లు ఉన్నాయి. మీ అమ్మ నాటి పెద్ద వరద ఇదే అయి ఉండాలని 1953 ఆగస్టు పుస్తకం తీయించి నా ముందు పెట్టి, మీరే చదవండి అన్నారు.

మా అమ్మ పేరు చిన్నమ్మాయి. కోటిపల్లి అవతల, గోదారి మధ్య లంకలో నన్ను కన్నది. శ్రావణ పౌర్ణమి వెన్నెల్లో, అటక మీద, నీళ్లు దీపం గూడు దాకా వచ్చి ఉండగా కన్నానని, మంత్రసాని అరటి బోదెల తెప్ప మీద వచ్చిందని బతికినన్నాళ్లూ చెప్పింది. నేను వేలు పెట్టి ఒక్కొక్క వరుసా చదివాను. ఆగస్టు నడిమి రోజుల్లో నీళ్లు బాగా పెరిగాయి. మాస్టారు పాత పంచాంగం తీసి చూశారు. పౌర్ణమి నాటికి నీరు తీసి వారం అయింది.

"అయితే మా అమ్మ అబద్ధం చెప్పిందాండీ?"

"అబద్ధం కాదండి. నీళ్లు ఎక్కువగా ఉన్నది సప్తమి ప్రాంతం. సప్తమికీ వెన్నెల ఉంటుంది. మిమ్మల్ని ఎత్తుకున్న మీ అమ్మగారికి అది పౌర్ణమిలాగే కనపడి ఉంటుంది."

నేను మళ్లీ మొదటి నుంచి చూశాను. పూటపూటకీ నీళ్ల ఎత్తు ఉంది. వాన ఉంది. రాసిన వారి సంతకం ఉంది. "ఇందులో నేను పుట్టినట్టు ఎక్కడా లేదండి. అయినా పుట్టాను కదండీ" అన్నాను.

మాస్టారు రిజిస్టరు మెల్లగా మూశారు. తిరుగు బస్సులో ఇద్దరికీ టికెట్లు తీసుకున్నారు. తరువాత, "తలుపులమ్మ గారూ, ఆ మాట మా నాన్నగారి దగ్గర చెబుతారా?" అని అడిగారు.

ఆ సాయంత్రమే వెళ్లాం. జిలానీ సాహెబ్ గారు నన్ను చూసి, "లోపలికి రా అమ్మా" అన్నారు. కొడుకును పిలవలేదు. మాస్టారు అరుగు మీదే నిలబడ్డారు. ముందు టీ కొట్టు సంగతి ఒప్పుకున్నాను. తరువాత మా అమ్మ కథా, రిజిస్టరు సంగతీ చెప్పాను. పెద్దాయన కళ్లు మూసుకుని విన్నారు.

"పౌర్ణమని మీ అమ్మంది. కాదని రిజిస్టరంది. నువ్వెవర్ని నమ్ముతావమ్మా?"

"నీళ్లు ఏ రోజు ఎంత ఎత్తొచ్చాయో రిజిస్టర్ని అడుగుతానండి. నేను పుట్టానా లేదా అన్నది మా అమ్మనే అడుగుతానండి."

పెద్దాయన గడ్డం నిమురుకుంటూ చాలాసేపు నవ్వారు. తరువాత అరుగు వైపు తిరిగారు.

"ఒరేయ్, ఆ రాయి ఎవడు చెక్కించాడు?"

"అబ్రహాయే అబ్బా. ఏవో తెగల్ని గెలిచానని చెక్కించాడు."

"గెలిచింది చెక్కించాడు. ఓడింది ఏ రాజన్నా రాయి మీద చెక్కిస్తాడ్రా, వెర్రోడా?"

"అదే నాలుగో పేజీలో రాశానబ్బా. గ్రంథంలో రాజు పేరూ లేదు, సంవత్సరమూ లేదు, అవి తర్వాతి వాళ్లు చెప్పినవని కూడా రాశాను. రాయి చెప్పిన దండయాత్ర ఇదే కావచ్చు, ఇంకోటి కావచ్చు. గోదారికి ఒక్క వరదేనా?"

"మరి చివర్న ఏం తేల్చావు?"

"నాకు తెలియదని రాశానబ్బా."

పెద్దాయన మెల్లగా తల ఊపారు. "ఆ మాటనడానికి నాకు యాభై ఏళ్లు పట్టింది. మా పాత పండితులు ఎంత రాసినా చివర్న ఒక మాట రాసేవాళ్లు, గుర్తుందా?"

"అల్లాహు ఆలం. దేవుడికే బాగా తెలుసు."

"ఆ మాట నువ్వూ రాయి. ముందు సూరా చదివి మొదలుపెట్టు. గుమ్మం బయట నిలబడ్డావేం, లోపలికి తగలడు."

ఫిబ్రవరిలో సమావేశం జరిగింది. ముందు వరుసలో జిలానీ సాహెబ్ గారు, మసీదు పెద్దలు, ద్రాక్షారామం అర్చకులు కూర్చున్నారు. మాస్టారు సూరా చదివి మొదలుపెట్టి, శాసనం ఫొటో చూపించి, కలవని చోట్లు ఒక్కటీ దాచకుండా చెప్పారు. కలిసే చోటూ చెప్పారు. రోమనులు ఓడిపోయారు, కొద్ది ఏళ్లలో మళ్లీ గెలుస్తారు అని ఇంకో సూరాలో ఉందట. పారశీకులతో జరిగిన ఆ యుద్ధంలో ఓటమినీ, గెలుపునూ గ్రీకులు, ఆర్మేనియా వారు తమ చరిత్రల్లో విడిగా రాసుకున్నారట. "కలిసిన చోట మీసం మెలేయకండి, కలవని చోట బెదిరిపోకండి. రెండు చోట్లా ఇంకొంచెం చదవండి" అన్నారు. అల్లాహు ఆలం అని ముగించగానే మొదట చప్పట్లు కొట్టింది పెద్దాయన. మసీదు పెద్దల్లో అందరూ ఒప్పుకున్నారని చెప్పను. ఒకరిద్దరు లేచి వెళ్లారు. వారితో మాస్టారు ఆ తరువాత ఎన్నో సాయంత్రాలు అరుగు మీద కూర్చుని వాదించడం, టీ తాగడం చూశాను.

ఆ శుక్రవారం పని మీద అటు వెళ్తూ మసీదు మెట్ల దగ్గర ఆగాను. వరుసగా ఉన్న చెప్పుల్లో టైరు ముక్క అట్ట కనిపించింది. 2001లో పెద్దాయన కన్నుమూసే దాకా ఒక్క శుక్రవారమూ అవి అక్కడ లేకుండా లేవు.

తరువాతి ఏళ్లలో మాస్టారు శాఖాధిపతిగా, వైస్ ప్రిన్సిపాలుగా విధులను అంకితభావంతో, నిష్పక్షపాతంగా నిర్వహించారు. పత్రికల్లో వచ్చే వార్తలు చూసి పిల్లలు ఆయన మతం గురించి సూటిగా ప్రశ్నలు అడిగిన రోజులున్నాయి. ఒక్కరినీ కసరలేదు. బీరువా తాళం ఇచ్చి, చదివి రండి, మాట్లాడుకుందాం అనేవారు. ఆ బీరువా చదివిన వారిలో ఇద్దరు ఇప్పుడు శాసనాల మీద పరిశోధన చేస్తున్నారు. వారిలో ఒకరు మన హేమశ్రీ గారే.

నా పుట్టిన తేదీ మాత్రం మారలేదు. ఆధారం చాలదని నిబంధనలు ఒప్పుకోలేదు. అర్జీ మీద మాస్టారు రాసిన రెండు పేజీల నకలు నా పెట్టెలో ఉంది. నా గురించి ఎవరైనా అంత రాయడం అదే మొదలు.

పోయిన వారం మాస్టారు బీరువా సర్దారు. కింది అరల్లోవన్నీ, పై అరలోని వ్యాఖ్యానాలూ కళాశాలకు ఇచ్చేశారు. ఖురానును ఆకుపచ్చ గుడ్డతో సహా రెండు చేతులా ఎత్తుకుని ఇంటికి తీసుకువెళ్లారు. వెళ్లే ముందు, పాత చీటీలు వెలిసిపోయాయి, మీరు కొత్తవి రాయండి అన్నారు. "లోపలి మాట" రాశాను. "బయటి సాక్ష్యం" రాశాను. మధ్య అర ఒకటి ఖాళీ చేసి, అబ్రహా శాసనం ఫొటోనూ, ధవళేశ్వరం రిజిస్టరు నుంచి తాను ఎత్తి రాసుకున్న కాగితాన్నీ అందులో పక్కపక్కన పెట్టారు. దీనికేం రాయమంటారండీ అని అడిగాను. "ఇంకా తెలియదు అని రాయండి. పిల్లలు ముందు ఈ అరే తెరవాలి" అన్నారు. రాసి అంటించాను. అక్షరాలు కొంచెం వంకరగా వచ్చాయి. అలాగే ఉండనివ్వమన్నారు.

2004 జూన్ 30న పదవీ విరమణ చేస్తున్న శ్రీ సుభానీ గారికి ఆ భగవంతుడు సంపూర్ణ ఆరోగ్యాన్ని, ప్రశాంతమైన జీవితాన్ని, అరుగు మీద వాదించడానికి మంచి స్నేహితులను ఎల్లకాలం ప్రసాదించాలి. మనవలకు ఆయన ఏనుగు ఏడూ చెప్పాలి, వరద ఏడూ చెప్పాలి. వయసు యాభై ఎనిమిది నిండిందని, ఇక చాలని ఆఫీసు రిజిస్టరు అంటోంది. తేదీల వరకే రిజిస్టరును నమ్మాలని ఆయనే నేర్పారు. కాబట్టి ఆయన ఆయుష్షు సంగతి మా అమ్మలాంటి వాళ్లు లెక్కపెట్టాలని, ఆ లెక్కలో ప్రతి సప్తమీ పౌర్ణమి కావాలని కోరుకుంటున్నాను.

వాసంశెట్టి తలుపులమ్మ,
అటెండరు, చరిత్ర శాఖ.
వయసు రిజిస్టరు ప్రకారం యాభై ఆరు, మా అమ్మ ప్రకారం యాభై.
ప్రస్తుత నివాసం: మసీదు వీధి వెనక, రామచంద్రపురం.